చెయ్యి చాపని పిల్లాడు

బాయెల్ నోట్లోంచి ఉమ్మి తీగలా సాగి చినారా శాలువా మీద పడుతూనే ఉంది. తుడవడం ఆమె ఎప్పుడో మానేసింది. ఐదేళ్ళ కొడుకుని ఒళ్ళో ముందుకు వంచి కూచోబెట్టుకుని, ఛాతీ కింద అరచెయ్యి ఆనించి, వాడు తీసే ప్రతి ఊపిరినీ చేత్తోనే వింటోంది.

కారు కిజిల్-బెల్ కనుమ ఎక్కుతోంది. మార్చి నెల వచ్చినా రోడ్డుకు రెండు పక్కలా మంచు నడుమెత్తు గోడ కట్టి ఉంది. కారు నడుపుతున్న పొరుగింటి సాతార్, మామూలుగా అయితే నారిన్ పట్టణం చేరేదాకా నోరు మూయని మనిషి, ఈ రోజు అద్దంలోకి కూడా చూడడం లేదు.

వెనక సీట్లో కోడలి పక్కన బూరుల్ కూచుని ఉంది. మనవడి ముఖం చూడలేకపోతోంది, చూడకుండా ఉండలేకపోతోంది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి ఆమెకు. ఈనలేక తన్నుకుంటున్న గొర్రె కడుపులో చెయ్యి పెట్టి పిల్లను లాగింది. భర్తను ఒక శీతాకాలం గుర్రం మీద పంపి, వసంతంలో బండి మీద శవంగా తెచ్చుకుంది. అప్పుడు కూడా ఇలా చేతులు ముడుచుకుని కూచోలేదు.

"కాస్త రొట్టె వెన్నలో ముంచి పెడితే జారిపోతుందే బిడ్డా," అంది చివరికి. "మా రోజుల్లో ఎముక అడ్డం పడినా ఇంతే చేసేవాళ్ళం."

"ఆ రొట్టె లోపల పెట్టండి అత్తయ్యా."

"ఒక్క ముక్క."

"ఊరి నర్సు చెప్పింది మీరూ విన్నారు. నీళ్ళు కూడా పట్టొద్దంది. మింగించబోతే గొంతులో ఇరుక్కున్న నాణెం ఊపిరి గొట్టం మీదికి ఒరుగుతుందంది." చినారా గొంతు పైకి లేవలేదు. అది ఇంకా భయంగా ఉంది. "నా కొడుక్కి నేను చెప్పినట్టు జరగనివ్వండి ఈ ఒక్క రోజు."

బూరుల్ రొట్టెను రుమాల్లో చుట్టి చొక్కా లోపలికి తోసుకుంది. పిల్లాడు ఒకసారి గుటక వెయ్యబోయి, నొప్పికి మెడ బిగించి, పిల్లి కూతలాంటి చప్పుడు చేశాడు. ముగ్గురు పెద్దవాళ్ళూ ఊపిరి బిగబట్టారు. మళ్ళీ వాడి ఛాతీ కదిలింది.

"మీరు పిడకల కోసం బయటికి వెళ్ళి ఎంతసేపయింది, వాడి దగ్గు వినేసరికి?" అడిగింది చినారా. పొద్దుటి నుంచి అదే ప్రశ్న, ఇది మూడోసారి.

"పది నిమిషాలు. గంపెడు పిడకలు ఏరుకునేంతసేపు."

"నాణెం ఏదో చూడలేదు మీరు."

"చూడలేదని చెప్పానుగా."

చెప్పింది. నర్సుతో చెప్పింది, సాతార్‌తో చెప్పింది, బడి నుంచి పరిగెత్తుకొచ్చిన కోడలితో చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ అబద్ధం అరగడం లేదు, ప్రతిసారీ కొత్తగా గొంతులో పడుతోంది. బూరుల్ పొద్దున బయటికి వెళ్ళనే లేదు.

ఇదంతా కిందటి సెప్టెంబరులో మొదలైంది. చినారా ఊరి బడిలో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతుంది. పిల్లలకు చిన్నప్పటి నుంచే డబ్బు విలువ తెలియాలని పట్టుబట్టి, ప్రతి ఆదివారం కూతురు అయ్‌దాయ్ చేతిలో నలభై సోమ్‌లు, బాయెల్ చేతిలో ఇరవై పెట్టడం మొదలుపెట్టింది. ఇద్దరికీ చెరొక టీ పొడి డబ్బా. సగం ఖర్చు పెట్టుకోవచ్చు, సగం డబ్బాలో పడాలి. తండ్రి ఎర్మెక్ కొడుక్కి ఆశ చూపాడు, నీ డబ్బుతో గుర్రానికి వేసే తలతాడు కొనుక్కో, వసంతంలో పుట్టే గుర్రప్పిల్ల నీదే అని. అప్పటి నుంచి పిల్లాడు డబ్బాను నిద్రలో కూడా కలవరించేవాడు.

బూరుల్ మొదటి రోజే కాదంది. చేతిలో డబ్బు పడిన పిల్లాడు చెయ్యి చాపడు, చెయ్యి చాపని పిల్లాడికి ఇచ్చేవాళ్ళ మీద ప్రేమెలా పుడుతుంది అని అడిగింది. చినారా నవ్వింది. మీ కాలం వేరు అత్తయ్యా అంది. ఆ నవ్వు బూరుల్‌కి మనసులో ముల్లులా ఉండిపోయింది.

నిజంగానే పిల్లాడు చెయ్యి చాపడం మానేశాడు. అంతకుముందు పొద్దున లేస్తూనే వచ్చి నానమ్మ కోటు జేబుల్లో రెండు చేతులూ దూర్చేవాడు. పంచదార బిళ్ళ, ఎండబెట్టిన పెరుగు ఉండ, ఏది దొరికితే అది. ఇప్పుడు దుకాణానికి సొంతంగా వెళ్ళి, సొంత డబ్బుతో, సొంతంగా ఏరుకున్న బంక మిఠాయి కొనుక్కుని నములుకుంటూ వస్తున్నాడు. జేబులో పంచదార బిళ్ళలు కరిగి అట్టకట్టాయి.

డిసెంబరులో ఒక రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు బూరుల్ వాడి డబ్బా మూత తీసింది. ఒక పది సోమ్‌ల నాణెం తీసుకుంది. సాయంత్రం వాణ్ణి పిలిచి, ఇదిగో, నానమ్మ ఇస్తోంది అని అదే నాణెం వాడి చేతిలో పెట్టింది. వాడు మెడ చుట్టూ చేతులు వేసి రెండు బుగ్గలూ తడిపేశాడు. ఎన్నాళ్ళకో.

నానమ్మ ఇచ్చిన డబ్బుకు అమ్మ పెట్టిన నియమం లేదు. వాడు దాన్ని మొత్తం మిఠాయికి పెట్టేశాడు. మరుసటి వారం ఆమె మళ్ళీ తీసింది, మళ్ళీ ఇచ్చింది. ఆ తర్వాత అది వారానికి ఒకసారి అని కూడా ఉండలేదు.

కారు గట్టిగా బ్రేకు పడి ఆగింది. ఎదురుగా రోడ్డు నిండా గొర్రెల మంద. సాతార్ దిగి చేతులు ఊపుతూ ముందుకు పరిగెత్తాడు. గొర్రెల కాపరి గుర్రం మీద తాపీగా వెనక్కి తిరిగి చూశాడు.

ఆ ఆగడంతో చినారా ఓర్పు తెగింది.

"ఆదివారం డబ్బా చూసినప్పుడే నేను ఆలోచించాల్సింది," అంది. "రెండు వందల నలభై సోమ్‌లు తగ్గాయని చెప్పగానే వీడి ముఖం ఎలా అయిపోయిందో. అప్పటి నుంచి డబ్బాను కుక్కపిల్లలా వెంట తిప్పుకుంటున్నాడు. అయ్‌దాయ్‌ని కొట్టాను, ఆ పిల్ల తీసిందో లేదో కూడా చెప్పలేదు. దొంగతనం నా ఇంట్లో, నా కడుపున."

బూరుల్ తేలు కుట్టిన దొంగలా కూచుంది. ఆ ఆదివారం అయ్‌దాయ్ చెంప మీద దెబ్బ పడినప్పుడు తను పిండి పిసుకుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఏడవలేదు. తల్లి వైపు కాక పిండి పళ్ళెం వైపు చూసింది. బూరుల్ చేతులు ఆగలేదు. పిసుకుతూనే ఉన్నాయి.

ఇప్పుడైనా చెప్పాలనుకుంది. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"నేను వద్దన్న రోజే విని ఉంటే ఇదంతా లేదు. పాలు తాగే పిల్లాడి చేతిలో ఇనప ముక్కలు పెట్టి లెక్కలు నేర్పావు. ఇప్పుడు చూడు."

చినారా కొడుకు తల మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. తిట్టి ఉంటే బూరుల్‌కి నయంగా ఉండేది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేసరికి పన్నెండు దాటింది. పొట్టి జుట్టు డాక్టరమ్మ ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి చాలాసేపు చూసింది. అంతసేపు చూడడమే చెడ్డ కబురని బూరుల్‌కి అర్థమైంది.

గొంతు దిగువన, అన్నం దిగే దారిలో, తెల్లగా గుండ్రంగా ఉంది. అయితే దాని అంచు ఒక్క గీతలా లేదు, రెండు గీతలుగా ఉంది. డాక్టరమ్మ వేలితో చూపించింది.

"ఇది రెండు నాణేలు అతుక్కుని ఉండొచ్చు. లేదా బొత్తాం బ్యాటరీ కావచ్చు, బొమ్మల్లో వేస్తారే, అది. ఇంట్లో అలాంటివి ఉన్నాయా?"

చినారా పెదవులు తెల్లబడ్డాయి. తాళాల గుత్తికి కట్టే చిన్న టార్చి లైటు ఒకటి ఉంది. నిన్న దాని మూత ఊడిపోయి కనిపించింది.

తేడా ఏమిటని ఆమె అడిగింది. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నాణేలైతే మత్తిచ్చి పట్టుకారుతో పది నిమిషాల్లో తీస్తుంది. బ్యాటరీ అయితే అది మూడు గంటలుగా లోపల కాలుస్తూ ఉంటుంది. దారి గోడ చిల్లిపడే దశలో ఉంటే ఇక్కడ లాగడం ప్రమాదం, ఛాతీ కోసే వైద్యులు పక్కన ఉండాలి. అంటే రాజధాని బిష్కెక్. అంటే అంబులెన్సులో డోలోన్ కనుమ మీదుగా ఇంకో ఐదారు గంటలు.

"మింగడం ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదు," అంది చినారా.

ఆమె ఫోను తీసి పొరుగింటికి చేసింది. సాతార్ భార్య దగ్గర ఉన్న అయ్‌దాయ్‌ని పిలిపించింది. ఇంటికి పరిగెత్తి టార్చిలో బ్యాటరీ ఉందో లేదో చూసి చెప్పమంది. ఫోను గొంతు పెద్దది, మాటలన్నీ గదిలో వినిపిస్తున్నాయి. పిల్ల పరిగెత్తే చప్పుడు, తలుపు కిర్రుమనడం, పెట్టె మూత పడడం.

"లేదమ్మా. లైటు ఖాళీగా ఉంది."

చినారా గోడకు చెయ్యి ఆనించుకుంది.

"అమ్మా." పిల్ల గొంతు ఒక్కసారిగా పగిలింది. "తమ్ముడి డబ్బులు నేనే తీశాను. నేనే అన్నీ తీశాను. వాడు చచ్చిపోకుండా చూడమ్మా."

చినారా ఫోను మీద బొటనవేలు ఆనించి, తర్వాత మాట్లాడతానని మాత్రం చెప్పి పెట్టేసింది. డాక్టరమ్మ అప్పటికే గుమ్మం దగ్గర నర్సుతో అంబులెన్సు సంగతి మాట్లాడుతోంది. బల్ల మీద బాయెల్ పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళు ముడుచుకుని, చిన్న పళ్ళెంలోకి ఉమ్మి కారుస్తున్నాడు. వాడి కళ్ళు నానమ్మ మీదే ఉన్నాయి.

బూరుల్ బల్ల వైపు ఒక అడుగు వేసి ఆగింది. ఆమెకు తెలుసు, డబ్బాలో ఏం ఉందో తెలుసు. కానీ వాడు దానితో పాటు ఇంకేమన్నా నోట్లో వేసుకున్నాడేమో, అది తెలియదు. తను నాణేలంటే వీళ్ళు ఇక్కడే లాగుతారు. తన మాట తప్పైతే పిల్లాడు ఈ బల్ల మీదే పోతాడు. చెప్పకపోతే ఆరు గంటలు కనుమల్లో ఇలాగే ఊపిరి కోసం కొట్టుకుంటాడు.

"రెండు పది సోమ్‌లు," అంది.

ఎవరూ వినలేదు. ఆమె మళ్ళీ, ఈసారి పెద్దగా అంది.

"రెండు పది సోమ్‌ల నాణేలు. డబ్బాలో అవే ఉన్నాయి."

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "పెద్దమ్మా, వాడు మింగడం చూశారా మీరు?"

"వాడి వీపు చూశాను. డబ్బాలోంచి తీసి నోట్లో వేసుకున్నాడు. నేను వెనక నుంచి అరిచాను. ఉలిక్కిపడి మింగాడు. తర్వాత డబ్బా చూస్తే ఖాళీ."

"మీరు బయట ఉన్నారు కదా," అంది చినారా.

"లేను."

"డబ్బాలో రెండే ఉన్నాయని, అవి పది సోమ్‌లేనని మీకెలా తెలుసు?"

బూరుల్ తలగుడ్డ అంచు పట్టుకుంది.

"వాడు రాకముందు మూత తీసింది నేనే. అడుగుల చప్పుడు విని పరుపుల దొంతర వెనక దాక్కున్నాను. ఆదివారం తగ్గిన రెండు వందల నలభై కూడా నేనే తీశాను. అయ్‌దాయ్ కాదు."

చినారా ముఖంలో ఏ కదలికా లేదు. ఆ మాటలు ఆమెకు ఎక్కడో దూరం నుంచి వచ్చి ఇంకా చేరనట్టు నిలబడింది. డాక్టరమ్మకు అవేవీ పట్టలేదు. ఫిల్మును మళ్ళీ ఎత్తి చూసి, తన జేబులోంచి పది సోమ్‌ల నాణెం తీసి ఫిల్ములోని ఆ తెల్లటి గుండ్రం పక్కన పెట్టి కొలిచింది.

"కొలత సరిపోతోంది. అంచు మీరన్నట్టే ఉంది. కానీ పెద్దమ్మా, ఖాయంగా చెప్పగలరా? మీ మాట మీద చెయ్యి పెట్టబోతున్నాను."

బూరుల్ మనవడి వైపు చూసింది.

"ఖాయం," అంది. ఖాయం కాదని ఆమెకు తెలుసు.

చినారా కాగితం మీద సంతకం పెట్టింది. పిల్లాణ్ణి చక్రాల మంచం మీద తీసుకుపోయారు. తలుపు మూసుకుంది.

అత్తా కోడళ్ళు నడవాలో బెంచీ మీద కూచున్నారు. మధ్యలో ఇంకో మనిషి కూచునేంత ఖాళీ. సాతార్ ఏదో పసిగట్టి, కారుకి పెట్రోలు కొట్టిస్తానని వెళ్ళిపోయాడు.

"దేనికి?" అంది చినారా. "మీకు పింఛను వస్తుంది. అడిగితే నేనివ్వనా? ఆయన ఇవ్వడా?"

"డబ్బు కోసం కాదే."

"మరి?"

"వాడి డబ్బులు వాడికే ఇచ్చాను. నేనిస్తున్నట్టు." బూరుల్ నేల వైపు చూస్తూ చెప్పింది. "సెప్టెంబరు నుంచి వాడు నా జేబులో చెయ్యి పెట్టలేదు. నేనిస్తే ముద్దు పెట్టాడు. అంతే."

"వాడు రావడం మానేస్తే నాతో చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? నా మనవణ్ణి నాకు కాస్త ఇమ్మని కోడల్ని అడగనా?"

చినారా రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట్లాడింది. "ఆ పిల్ల ఐదు రోజులుగా నాతో భోజనానికి కూచోలేదు. మీ ఎదుటే కొట్టాను. మీరు పిండి పిసుకుతున్నారు. నాకు గుర్తుంది."

మూసిన తలుపు వెనక ఏదో ఇనప సామాను ఖంగుమంది. ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఎవరూ బయటికి రాలేదు. మళ్ళీ కూచున్నారు. ఈసారి మధ్య ఖాళీ తగ్గింది. కావాలని తగ్గించింది ఎవరూ కాదు, భయం తగ్గించింది.

పది నిమిషాలన్నది పాతికయింది. నర్సు ఒకసారి తలుపు తీసి, ఇంకో సీసా అందుకుని, వీళ్ళ వైపు చూడకుండా లోపలికి పోయింది. బూరుల్ పెదవులు దువా చదువుతున్నాయి గాని, సగంలోనే మాటలు తప్పిపోయి మళ్ళీ మొదటికి వస్తున్నాయి. దేవుడా, నా అబద్ధాలన్నీ నా లెక్కలో రాసుకో, ఆ చివరిది ఒక్కటి మాత్రం నిజం చెయ్యి.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది.

"రెండూ పది సోమ్‌లే," అంది. "వాచింది గాని చిరగలేదు. రెండు రోజులు ఇక్కడ ఉంచుదాం."

చినారా డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. బూరుల్ గోడ వారగా జారి నేల మీదే కూలబడింది. లేపబోయిన నర్సును వద్దంది.

మత్తు దిగి బాయెల్ కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం మూడయింది. గొంతు బొంగురుపోయింది. నోట్లో ఎందుకు వేసుకున్నావురా కన్నా అని తల్లి అడిగితే, దొంగ డబ్బాలోంచి తీస్తాడు గాని నోట్లోంచి తీయలేడని చెప్పి, మళ్ళీ నిద్రలోకి పోయాడు. ఆ మాటకు బూరుల్ కిటికీ వైపు తిరిగింది.

చినారా కొడుకు దుప్పటి సర్దింది. ఫోను తీసి పొరుగింటి నంబరు నొక్కి, అత్తగారి ముందు చాపింది.

"అయ్‌దాయ్‌తో మాట్లాడండి."

"ఇంటికి వెళ్ళాక చెబుతానే. ముఖం చూసి చెబుతాను."

"రెండు రోజులు ఆ పిల్ల దొంగగా ఉండాలా? నేను చెబితే అది నా మాట అవుతుంది. మీరే చెప్పాలి."

ఫోను మోగుతోంది. పులినైనా ఎదిరిస్తుందని ఊళ్ళో పేరున్న బూరుల్‌కి, ఎనిమిదేళ్ళ పిల్ల ఫోను ఎత్తుతుందేమోనని అరచేతులు చెమటలు పట్టాయి.

"అమ్మా?"

"నేనే బిడ్డా. నానమ్మని. తమ్ముడు బాగున్నాడు. నాణేలు తీసేశారు. నిద్రపోతున్నాడు."

అవతల పిల్ల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అయ్‌దాయ్, ఇందాక అమ్మతో అలా ఎందుకన్నావు? నువ్వు తీయలేదు. ఆ డబ్బులు..."

"నాకు తెలుసు నానమ్మా." పిల్ల గొంతు తగ్గించింది, పక్కన ఎవరో వింటారన్నట్టు. "నువ్వు తీయడం చూశాను. రెండుసార్లు."

బూరుల్‌కి ఆ ఆదివారం పిండి పళ్ళెం మీద నిలిచిన చూపు కళ్ళ ముందు మెదిలింది.

"చూసి, దెబ్బ తిని కూడా చెప్పలేదేం తల్లీ?"

పిల్ల "అమ్మకు తెలిసిపోయిందా?" అని అడిగింది.

"తెలిసింది. నేనే చెప్పాను."

"ఎందుకు చెప్పావు?" అయ్‌దాయ్ ఏడవడం మొదలుపెట్టింది. దెబ్బ తిన్న రోజు రాని ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. "నేను తీశానని చెప్పాను కదా. ఇప్పుడు అమ్మ నిన్ను నిజంగానే పంపించేస్తుంది. పెదనాన్న వాళ్ళింటికి, బిష్కెక్‌కి. నాన్నతో అంది. నేను విన్నాను. ఇంకొక్కసారి ఏదన్నా జరిగితే పంపించేద్దామని అంది."

ఆ సంగతి బూరుల్ వినడం ఇదే మొదలు.

ఆమె ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కోడలి వైపు చూసింది. గది చిన్నది. చినారా మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది, మెడ దాకా ఎర్రబడిపోయి. అంతా వింది. పెదవులు ఒకసారి విడివడ్డాయి, మళ్ళీ మూసుకున్నాయి.

"నానమ్మా, ఉన్నావా?" అంటోంది పిల్ల. "వెళ్ళవు కదా? నానమ్మా?"

బూరుల్ కోడలి నోటి నుంచి ఒక్క మాట కోసం చూస్తూ ఉండిపోయింది.